వారమంతా కోపం

ఎనిమిదింటికల్లా కూతుర్ని బడి దగ్గర దింపేసి, తొమ్మిదికి పనిలో ఉండాలనేది లిఫ్టు మెకానిక్ గారి పథకం. చెప్పులు వేసుకునేదాకా అది సజావుగానే నడిచింది.

"నాన్నా, భావాల పట్టిక!" అంది మూడో తరగతి కూతురు, సంచిలోంచి కాగితం లాగుతూ.

అందులో రోజుకో మొహం. సంతోషమైతే పసుపు, దిగులైతే నీలం, కోపమైతే ఎరుపు వెయ్యాలి. వారం నుంచీ ఒక్క మొహానికీ రంగు పడలేదు. సంచిలో చెయ్యి పెడితే ఎర్ర పెన్సిలు దొరికింది. ఆయన ఏడు మొహాలూ బరబరా నింపేసి, కింద "మా సమక్షంలో పాప స్వయంగా నింపినది" అన్నచోట సంతకం గీకేశాడు.

"ఎరుపంటే కోపం నాన్నా!"

"ఏదో ఒకటి లేమ్మా, టైమైపోతోంది!"

పదకొండింటికి టీచరమ్మ ఫోను. "వారమంతా కోపమేనండీ! రేపు పొద్దున కౌన్సెలర్ గారు చూస్తారు. ఆవిడ సరేననేదాకా పరుగుపందేనికి పంపలేం."

పందెం రేపే. పిల్ల నెల్లాళ్లుగా మేడమెట్ల మీద పరుగులు పెడుతోంది. నిజం చెప్పేస్తే పోయేదిగా? సంతకం గుర్తొచ్చింది. "అదీ... వాళ్ల అమ్మమ్మ గారాబమండీ" అని నీళ్లు నమిలాడు మహానుభావుడు.

టీచరమ్మ ఆ మాట తల్లికి చేరవేసింది, తల్లి అమ్మమ్మను నిలదీసింది. "నా గారాబమా?" అంటూ అమ్మమ్మ పెట్టె సర్దింది. సాయంత్రం అందరూ పిల్ల చుట్టూ మూగారు.

"కోపమొస్తోందా తల్లీ?"

పిల్ల నోరు తెరవబోయింది. అందరి వెనకా నిలబడి నాన్న చేతులు జోడించాడు. పాపం, మూసేసుకుంది. పదిహేడోసారి అడిగేసరికి మాత్రం చెంచా విసిరికొట్టి, "నాకు కోపం లేదూ!" అని అరిచింది.

"చూశారా!" అన్నారు పెద్దలు.

మర్నాడు తండ్రీకూతుళ్లు కౌన్సెలరమ్మ గదిలో కూర్చుంటే, బయట మైదానంలో పేర్లు పిలుస్తున్నారు.

"ఎందుకమ్మా అంత కోపం?"

పిల్ల కిటికీ వైపు చూసింది, నాన్న వైపు చూసింది. కళ్లనిండా నీళ్లు. అయినా నోరు విప్పలేదు. అది చూసి ఆయనకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"నేనేనండీ! రంగులు నేనే వేశాను. గారాబం శుద్ధ అబద్ధం. మా అత్తగారు అమాయకురాలు. పిల్లను పంపెయ్యండి తల్లీ, మీకు పుణ్యముంటుంది!"

కౌన్సెలరమ్మ తలూపిందో లేదో, పిల్ల తుర్రుమంది. ఆయనా లేచాడు.

"మీరు కూర్చోండి" అందావిడ, కొత్త కాగితం తీస్తూ. "మీ అబద్ధాన్ని ఆ చిన్నపిల్ల మోసింది. ఇంతకీ మీకెందుకండీ అంత భయం?"

బయట ఈల మోగింది. కూతురి మొదటి పరుగుపందేన్ని ఆ తండ్రి చెవులతో చూశాడు.