జారిన నాడి

ఈ కథలో ఆవగింజంత అబద్ధం కూడా లేదు. అమెరికాలో, మిషిగన్‌లోని నోవైలో కురిసే మంచు ఎంత నిజమో, యజ్ఞనారాయణగారి నెత్తిన లేచిన బొప్పి అంత నిజం.

ఆ పొద్దున్న ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య కృష్ణకుమారి పూజ ముగించేలోగా గరాజ్‌లోకి వెళ్లాలి. పెట్టె ఫ్రీజర్ మూత ఎత్తాలి. మనవడి కోసం కొని ఉంచిన నేరేడుపండు రంగు ద్రాక్ష పుల్లైసు ఒక్కటంటే ఒక్కటి తినాలి. తర్వాత ఏమీ ఎరగనట్టు వచ్చి చక్కెర లేని కాఫీ తాగాలి. షుగరు బయటపడ్డ దగ్గర్నుంచీ ఆవిడ ఆయన్ని తీపి వాసన కూడా చూడనివ్వడం లేదు. కార్ల కంపెనీలో ముప్ఫై ఏళ్లు బ్రేకులు డిజైన్ చేసిన మనిషికి ఈ ఒక్క విషయంలో మాత్రం బ్రేకులు పడవు.

ఐసు అయిపోయింది. పుల్లని బెండకాయ ముక్కల సంచి కింద దాచడానికి ఫ్రీజర్‌లోకి వంగారు. సరిగ్గా అప్పుడే "ఏమండీ!" అని లోపల్నుంచి కేక. మూత పట్టుకున్న చెయ్యి ఆ కేకకి దానంతటదే వదిలేసింది. మూత వచ్చి నెత్తిన పడింది.

ఆవిడ వచ్చేసరికి ఆయన నేలమీద కూర్చుని, కోడిగుడ్డంత బొప్పిని తడుముకుంటున్నారు.

"అయ్యో, ఏమయిందండీ?"

"మంచు తీద్దామని బయటికెళ్లా. జారి పడ్డా."

"ఇంట్లో చెప్పులతోనా?"

"కంగారులో చూసుకోలేదు."

పక్క వీధిలో ఉండే కూతురు స్పందన ఐదు నిమిషాల్లో కారేసుకుని వచ్చింది. "నాన్నా, హెడ్ ఇంజురీ జోక్ కాదు. పద, హాస్పిటల్‌కి డ్రైవ్ చేస్తాను."

హాస్పిటల్ అంటే రక్తం తీస్తారు. రక్తం తీస్తే గుట్టు బయటపడుతుంది. ఆ చలిలోనూ యజ్ఞనారాయణగారికి చెమట పట్టింది.

"హాస్పిటల్ వద్దు. మీ అమ్మ మోకాళ్లకి సూదులు పొడిచే చైనా డాక్టరమ్మ ఉందిగా! నాలుక చూసి, నాడి పట్టి చెప్పేస్తుంది. రక్తం గిక్తం అక్కర్లేదు."

"నిన్నటిదాకా సూదులమ్మి అని వెక్కిరించారుగా?" అంది కృష్ణకుమారి.

"ఇవాళ్టి నుంచి గౌరవం పెరిగింది."

దారిలోనే కదా అని స్పందన సరేనంది. ఉద్యోగం పనిమీద షాంఘైలో రెండేళ్లు ఉండొచ్చింది గనక దానికి చైనా భాష బాగానే వచ్చు. మిషిగన్‌లో పుట్టి పెరిగింది గనక తెలుగే అంతంతమాత్రం.

డాక్టర్ లిన్ నాలుక చాపమంది. చూసింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. ఉన్న లైటు చాలక కిటికీ తెర కూడా తీసింది.

"నాన్నా, నీ టంగ్ పర్పుల్ ఉంది. దెబ్బకి బ్లడ్ లోపల ఆగిపోతే అలా అవుతుంది అంట. ఇంత పర్పుల్ ఆమె ఫార్టీ ఇయర్స్‌లో చూడలేదు అంట."

తర్వాత డాక్టరమ్మ ఆయన మణికట్టు మీద మూడు వేళ్లు వేసి కళ్లు మూసుకుంది. ఎంతకీ తెరవలేదు. తెరిచి ఒక్క మాట అంది. స్పందన దానికి తెలుగుమాట వెతుక్కుంది.

"నాడి... నాడి జారుతుంది అంట."

కృష్ణకుమారి మంగళసూత్రం కళ్లకద్దుకుంది. పాలకొల్లులో వాళ్ల తాతగారికి నాడి జారుతోందన్న గంటకే నోట్లో తులసి తీర్థం పోశారు.

"సూదులు వెయ్యదటే?" యజ్ఞనారాయణగారు కూతుర్ని అడిగారు.

"నో. స్కాన్ లేకుండా టచ్ చెయ్యను, వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లు అంటుంది."

మోకాళ్లకీ నడుములకీ వెనకాముందూ చూడకుండా పొడిచే మనిషే చేతులెత్తేసింది! బయట మంచు తోసే బండి గుర్రుమంటూ వస్తోంది. ఆయనకది దున్నపోతు రంకెలా వినపడింది. అరికాళ్లు చల్లబడ్డాయి. అబద్ధంతో పోకూడదనుకుని భార్య చెయ్యి పట్టుకున్నారు.

"కుమారీ... బెండకాయలు..."

"ఏ బెండకాయలండీ?"

"సంచి కింద... పుల్ల..."

"స్పందనా! మాట తడబడుతోందే! బెండకాయలకి పుల్లలంటున్నారు!"

స్పందన ఆ మాట డాక్టరమ్మకి చెప్పడం, ఆవిడ ఫోన్ అందుకోవడం, అంబులెన్సు రావడం పది నిమిషాల్లో అయిపోయాయి. ఆయన ఎంత నిజం చెబితే వాళ్లు పట్టీలు అంత గట్టిగా బిగించారు.

హాస్పిటల్లో స్కాన్ తీశారు. తలలో గడ్డా లేదు, గిడ్డా లేదు. రక్తం తీశారు. షుగరు మూడువందల పన్నెండు. నర్సు దూదితో నాలుక తుడిస్తే దూది ఊదారంగుకి తిరిగింది. ఆ పిల్ల దాన్ని వాసన చూసి, "గ్రేప్?" అంది.

యజ్ఞనారాయణగారు గబుక్కున నాలుక లోపలికి లాక్కున్నారు.

"బెండకాయల సంచి కింద... అన్నారు కదూ?" అంది కృష్ణకుమారి, ఎంతో నెమ్మదిగా.

ఈలోగా డాక్టర్ లిన్‌కి కబురు చెప్పడానికి బయటికెళ్లిన స్పందన నవ్వుతూ వచ్చింది. "సారీ నాన్నా, ఆమె అన్నది స్లిపరీ. నాడి వేళ్ల కింద ముత్యాల్లాగ రోల్ అవుతుంది అంట. స్వీట్స్ బాగా తినేవాళ్లకి అలా ఉంటుంది అంట."

"అయితే నాడి జారలేదన్నమాట," అన్నారు యజ్ఞనారాయణగారు, పోయిన ప్రాణం తిరిగొచ్చి.

"లేదు. నోరే జారింది," అంది కృష్ణకుమారి. ఇంటికి రాగానే తిన్నగా గరాజ్‌లోకి నడిచి సంచి ఎత్తింది.

ఇక ఆ ఆవగింజ సంగతి. ఆ పొద్దున్న పుల్లైసు ఒక్కటే అన్నది మాత్రం కల్పించి రాసింది. సంచి కింద పుల్లలు పధ్నాలుగు, వాటిలో నాలుగింటికి ఆ పొద్దుటి తడి ఇంకా గడ్డకట్టి ఉంది.