సోలో మధ్యలో గోలు

ఆదివారం పొద్దున్న కళ్ళజోళ్ళాయన వేసుకున్న ప్లాను చాలా చిన్నది. సాయంత్రం భార్య కచేరీకి వెళ్ళాలి. అదే సాయంత్రం తన జట్టు ఫైనల్ ఆడుతోంది, అదీ వదలకూడదు. రెండూ ఒకే వేళకి మొదలవుతాయన్న చిక్కు ఒక్కటి మినహాయిస్తే ఆ ప్లానుకి వంక పెట్టడానికి ఏమీ లేదు.

వీధి మలుపులో కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు కాబట్టి అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఊహ తెలిసినప్పటినుంచీ ఆయనకి రెండే పిచ్చులు. ఒకటి జాజ్ సంగీతం, రెండోది ఫుట్‌బాల్ లీగు. రెంటిలో ఏది ఎక్కువని అడిగితే, మీ రెండు కళ్ళలో ఏది ఎక్కువని ఎదురడుగుతాడు. మ్యాచ్ ఉన్న రోజున టీవీ గొంతు నొక్కేసి, పక్కన జాజ్ రికార్డు పెట్టుకుని, ఆ తాళానికి ఆట చూడటం ఆయన అలవాటు. పెళ్ళయిన కొత్తలో భార్య ఈ వైభోగం చూసి పుట్టింటికి ఫోన్ చేసింది. తర్వాత అలవాటు పడింది. ఎంత అలవాటు పడిందంటే, యాభై దాటాక తనే సాక్సఫోన్ నేర్చుకోవడం మొదలుపెట్టింది.

ఆవిడ ఉద్యోగం నీటి సరఫరా ఆఫీసులో, ఫిర్యాదుల కౌంటరు దగ్గర. కుళాయి రాలేదనీ, వచ్చింది ఆగడం లేదనీ జనం రోజంతా అరుస్తుంటే వినీ వినీ, ఎప్పుడో ఒక పూట తను మోగుతుంటే ఇంకొకరు నోరు మూసుకుని వినాలన్న కోరిక పుట్టింది. నేర్పింది పేటలోని పళ్ళ డాక్టరు. ఆయనకో చిన్న జాజ్ బృందం ఉంది, అందులో తను పియానో వాయిస్తాడు. ఇంట్లో ఊరికే పడి ఉన్న తన సాక్సఫోన్‌ని ఆవిడకి వాడుకోమని ఇచ్చాడు. ఇరుగుపొరుగుకి జడిసి ఆవిడ కారు అద్దాలన్నీ ఎక్కించుకుని వెనక సీట్లో కూర్చుని సాధన చేసేది. అందువల్ల భర్త ఇంతవరకూ ఆవిడ వాయించగా వినలేదు.

"ఇవాళ వినండి," అంది ఆవిడ కాఫీ అందిస్తూ. "మిగతా విషయాల్లో ఎలా ఉన్నా, జాజ్ దగ్గర మీకు అబద్ధం ఆడటం చేతకాదు. నాకు అదే కావాలి. డాక్టరుగారు బృందంలో ఉండిపొమ్మంటున్నారు. మీరు బాగుందంటే ఉంటాను. బాగాలేదంటే రేపే సాక్సఫోన్ తిరిగిచ్చేస్తాను."

ఆయన న్యాయమూర్తిలా తల పంకించాడు. ఫైనల్ ఊసు మాత్రం ఎత్తలేదు. ఆయన జట్టు కిందటిసారి ఫైనల్‌కి చేరినప్పుడు ఆయన ఇంకా నిక్కర్లు తొడుక్కుంటున్నాడు. మళ్ళీ చేరేసరికి జుట్టు నెరిసింది, మూడోసారి దాకా తను ఉంటాడన్న పూచీ ఎవరూ ఇవ్వలేదు. అందుకని ఆవిడ స్నానానికి వెళ్ళగానే బావమరిదికి ఫోన్ చేశాడు.

బావమరిది చెవి మిషన్లు అమ్మే షాపులో పనిచేస్తాడు. మధ్యాహ్నం వచ్చి, శనగ గింజంత సాధనం ఒకటి బావ అరచేతిలో పెట్టాడు. అది చర్మం రంగులో ఉంటుంది. చెవిలో పెట్టుకుంటే జేబులోని ఫోన్‌లో వచ్చే కామెంటరీ నేరుగా లోపలికి వినిపిస్తుంది, బయటివాళ్ళకి ఏమీ తెలియదు. బ్యాటరీ పాతదనీ, ఎంతసేపు వస్తుందో తనకీ తెలియదనీ, అక్క అడిగితే తన పేరు బయటికి రాకూడదనీ చెప్పి, వచ్చిన దారినే పోయాడు.

కచేరీ లైబ్రరీ మేడమీది హాల్లో. పళ్ళ డాక్టరు మైకు ముందుకొచ్చి, ఫోన్లు జేబుల్లో పెట్టుకోమన్నాడు, ఎవరూ ఏదీ రికార్డు చేయకూడదన్నాడు. ఇక్కడ వాయించింది ఇక్కడే గాలిలో కలిసిపోవాలట, జాజ్ అందం అందులోనే ఉందట. ఈ మాటనే దుకాణంలో ఎందరికో చెప్పిన కళ్ళజోళ్ళాయన, జేబులో ఫోన్ సర్దుకుంటూ మనస్ఫూర్తిగా తల ఊపాడు.

పక్క సీట్లో ఉన్నావిడ ఒకప్పుడు బడిలో హెడ్‌మిస్ట్రెస్. ఆయన చెవిలో ఉన్న గింజని ఆవిడ ఇట్టే పట్టేసింది. "వినపడుతోందా నాయనా?" అని ఒక్కొక్క అక్షరం వత్తుతూ అడిగింది. అప్పుడే కామెంటేటరు రెండు జట్ల ఆటగాళ్ళ పేర్లూ చదువుతున్నాడు. "స్పష్టంగా వినపడుతోందండీ," అన్నాడు ఆయన. స్టేజీ మీద సాక్సఫోన్ పట్టుకున్నావిడ భర్త ఈయనేనని తెలిశాక పెద్దావిడ మనసు కరిగిపోయింది. పాపం చెవుడు, అయినా భార్య కోసం మిషన్ పెట్టుకుని వచ్చాడు. ఈ కబురు ఆవిడ వెనక వరసకి చెప్పింది. హెడ్‌మిస్ట్రెస్ గుసగుస కావడంతో అది చివరి వరసదాకా వినపడింది.

జాజ్‌లో ఒక పద్ధతి ఉంది. పాట నడుస్తుండగా ఒక్కొక్కరికీ వంతు వస్తుంది, దాన్నే సోలో అంటారు. తక్కినవాళ్ళు వెనక మెల్లగా తాళం పట్టుకుని ఉంటే, వంతు వచ్చినవాళ్ళు అప్పటికప్పుడు తోచింది వాయించాలి. నచ్చితే జనం పాట అయిపోయేదాకా ఆగరు, మధ్యలోనే చప్పట్లు కొట్టి అరుస్తారు. ఆ సాయంత్రం ఆవిడకి ఒప్పజెప్పింది ఒకే ఒక్క సోలో. అప్పటికప్పుడు తోచడం మీద ఆవిడకి నమ్మకం లేదు కాబట్టి, దాన్ని ముందే కట్టుకుని కంఠతా పట్టింది.

రెండో పాటలో ఆవిడ వంతు వచ్చింది. లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, ఊదడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే ఎక్కడో దూరాన స్టేడియంలో ఆయన జట్టు ఎడమ పక్కనుంచి బంతి తీసుకుని దూసుకుపోయింది. కళ్ళజోళ్ళాయన సీటు అంచుకి జరిగాడు. రెండో చెవి తెరిచే ఉంది గానీ, అప్పటికి అది ఉత్త కన్నం. బంతి వలలో పడింది. ఆయన స్ప్రింగులా లేచి, "అదీ దెబ్బ. చంపేశావు పో," అని హాలు అదిరేలా అరిచాడు.

చెవిటి మనిషే అంతగా చలించిపోతే చెవులున్న తాము ఊరుకోవడం మర్యాద కాదని జనానికి తోచింది. హాలంతా చప్పట్లు మోగాయి. పళ్ళ డాక్టరు తన బృందానికి ఇంతటి ఆదరణ ఏనాడూ చూడలేదు. వేళ్ళు పియానో మీదే ఉంచి, తర్వాతి పాటలోనూ సోలో ఆవిడదే అని కళ్ళతో సైగ చేశాడు. ఆవిడకి గుండెల్లో రాయి పడింది. కంఠతా వచ్చింది కాస్తా అయిపోయింది.

మూడో పాటలో మొదటి వంతు బాస్ గిటార్ వాయించే ఆయనది. ఆయన పన్నుల శాఖలో అధికారి, నవ్వు తక్కువ. ఆయన ఇంకా తీగలు మీటుతుండగానే రిఫరీ ఒక అన్యాయపు ఫౌల్ ఇచ్చాడు. కళ్ళజోళ్ళాయన రెండు చేతులూ పైకెత్తి లేచి, "ఇదేం దౌర్జన్యం? తీసెయ్యండి వాణ్ణి," అన్నాడు. భార్య సోలో కోసం భర్త ఆగలేకపోతున్నాడని హాలు అర్థం చేసుకుంది. ముందు వరసలో ఇద్దరు "ఆవిడకివ్వండి" అని అందుకున్నారు. పన్నుల అధికారి ముఖం మాడిపోయింది. డాక్టరు చేసేది లేక ఆయన్ని మధ్యలోనే ఆపించి, ఆవిడ వైపు చెయ్యి చాపాడు.

ఆవిడ దగ్గర ఇక దాచుకున్నది ఏమీ లేదు. లేనిదాన్ని పట్టుకుని మొదలుపెట్టింది. ఏం వాయించిందో మనకి తెలియదు, కథ చెబుతున్నది కళ్ళజోళ్ళాయన పక్క నుంచి కదా. హాలు మాత్రం ఊగిపోయిందట.

ఇంటర్వెల్‌లో ఆవిడ మెట్ల దగ్గర భర్తని పట్టుకుంది. ముఖం వెలిగిపోతోంది. "నిజంగా అంత బాగుందా? మీరు లేచి అరవబట్టే నాకు ధైర్యం వచ్చింది. లేకపోతే రెండోది వచ్చేది కాదు." ఆయన చెవిలో గింజ అప్పుడే ద్వితీయార్ధం మొదలైందంటోంది. "అద్భుతం," అన్నాడు. జాజ్ విషయంలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది, అనుకున్నదానికన్నా తేలిగ్గా వచ్చేసింది.

ఇంటర్వెల్ తర్వాత ఆవిడ మూడో సోలోలో ఉండగా అవతలి జట్టు గోలు కొట్టి లెక్క సరిచేసింది. కళ్ళజోళ్ళాయన తల రెండు చేతుల్లో పట్టుకుని కుప్పగా కూలబడ్డాడు. కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. పెద్దావిడ తన చేతిరుమాలు ఆయన ఒళ్ళో పెట్టి, తనూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వెనక వరసలో ఎవరో బాహాటంగా ఏడ్చారు. భర్త కన్నీళ్ళు స్టేజీ మీదికి కనిపించాయి. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ వాటిని ఒక్కసారీ చూసి ఎరగదు, జట్టు ఓడినప్పుడు తప్ప. ఆ తేడా ఆవిడకి ఆ క్షణాన తట్టలేదు.

ఆట అదనపు సమయానికి వెళ్ళింది. అక్కడా తేలక పెనాల్టీలకి వెళ్ళింది. కచేరీ చివరి పాటకి వచ్చింది. డాక్టరు తక్కినవాళ్ళందరినీ తగ్గించమని సైగ చేసి, ఆఖరి సోలో ఆవిడకి వదిలేశాడు. స్టేడియంలో ఆఖరి ఆటగాడు బంతి ముందు నిలబడ్డాడు. కామెంటేటరు ఊపిరి బిగబట్టాడు. కళ్ళజోళ్ళాయన కూడా బిగబట్టాడు. చెవిలో కీచుమని సన్నటి చప్పుడు వచ్చి, ఆ తర్వాత ఏమీ రాలేదు. ఆయన గింజని నొక్కి చూశాడు. బయటికి తీసి విదిలించి చూశాడు. బ్యాటరీ చచ్చిపోయింది.

ఫోన్ బయటికి తీద్దామని జేబులో చెయ్యి పెట్టాడు. అప్పుడు వినపడింది.

మొదట ఆవిడ ఒక చిన్న ముక్క వాయించి ఆగింది. మళ్ళీ అదే ముక్క, ఇంకొంచెం నెమ్మదిగా. ఎదుటి మనిషి కోపం చల్లారేదాకా ఓపిగ్గా ఒకే మాట చెబుతున్నట్టుగా ఉంది. కౌంటరు దగ్గర కూర్చుని ఇన్నేళ్ళూ ఆవిడ చేస్తున్న పని అదే. ఆ తర్వాత ఆ ముక్క మెల్లగా విప్పుకుంటూ ఎక్కడెక్కడికో వెళ్ళింది. దాంట్లో విసుగుంది, కొంటెతనముంది, ఈయనకి ఎప్పుడూ పైకి చెప్పని దిగులు కూడా ఉంది. అంతా తన ఇంట్లో తనతో కాపురం చేసిన మనిషి గొంతే. కళ్ళజోళ్ళాయన ఆస్తిలో సగం జాజ్ రికార్డులే, వాటిలో ఏదీ ఆయన్ని ఇలా పేరు పెట్టి పిలవలేదు. జేబులోకి వెళ్ళిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఆయన ఆవిడని అంతగా ప్రేమిస్తున్నాడని ఆయనకే కొత్తగా తెలిసింది.

సోలో ముగిసింది. హాలంతా కళ్ళజోళ్ళాయన వైపు చూసింది. సాయంత్రమంతా ఆయన లేస్తే లేచింది, ఏడిస్తే ఏడ్చింది. ఇప్పుడాయన కదలలేదు, మెదలలేదు. సరే, ఇది అంత బాగా రాలేదు కాబోలు అనుకుని జనం కూడా చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. డాక్టరు కంగారుపడి పాటని నాలుగు ముక్కల్లో చుట్టేశాడు. స్టేజీ మీద ఆవిడ ముఖంలో కళ తప్పింది. దిగి వస్తుంటే పెద్దావిడ ఎదురెళ్ళి, "ఏమీ అనుకోకమ్మా, ఆయన మిషన్‌లో బ్యాటరీ అయిపోయి ఉంటుంది," అని ఓదార్చింది.

ఇంటికి నడుచుకుంటూ వచ్చారు. దారిలో కాఫీ షాపు ముందు టీవీ చుట్టూ జనం మూగి కేకలు పెడుతున్నారు. ఇద్దరూ వాళ్ళని దాటుకుని వచ్చేశారు. ఇంట్లోకి రాగానే ఆవిడ సాక్సఫోన్ పెట్టె గుమ్మం పక్కన పెట్టి, రేపు డాక్టరుకి ఇచ్చేస్తానంది.

"మొదటి మూడూ మీకు నచ్చాయి, చూశాను. చివరిదానికి మీ ముఖం కూడా చూశాను. అన్నిటికన్నా నేను మనసు పెట్టి వాయించింది అదే. అదే చెడిందంటే, ఇది నాకు రాదనేగా."

కళ్ళజోళ్ళాయన కుర్చీలో కూలబడ్డాడు. నోరు మూసుకుంటే మూడు అబద్ధపు మెప్పులు మిగులుతాయి, సాక్సఫోన్ పోతుంది. నోరు విప్పితే తన పరువు పోతుంది, ఆపైన ఇంకేమేం పోతాయో తెలియదు. ఆయన జేబులోంచి చెవి గింజని తీసి బల్లమీద పెట్టాడు.

"మొదటి మూడూ నేను వినలేదు. ఇందులో మ్యాచ్ వింటున్నాను."

ఆవిడ గింజ వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "ఆ కన్నీళ్ళు?" అని అడిగింది.

"స్కోరు సమానమైంది."

"మరి చివరిది?"

"ఇది చచ్చిపోయింది. అందుకని అది మొత్తం విన్నాను. నేను బతికినన్నాళ్ళలో అలాంటిది వినలేదు."

"అంత బాగుంటే చప్పట్లు ఎందుకు కొట్టలేదు?"

"చేతులున్నాయని గుర్తు రాలేదు."

ఆవిడకి నవ్వూ రాలేదు, నమ్మకమూ కుదరలేదు. మెట్ల దగ్గర అద్భుతం అన్న నోరు కూడా ఇదే. కళ్ళు చిన్నవి చేసి, "సరే, ఎవరు గెలిచారు?" అంది.

"తెలీదు."

"కాఫీ షాపు ముందు టీవీ ఉంది."

"ఉందా?"

ఆయన ఫోన్ ఇంకా జేబులోనే ఉంది. బయటికి తీసి ఒక్క వేలు పెడితే ఆయన జీవితకాలం ఎదురుచూసిన జవాబు కనిపిస్తుంది. ఆ వేలు కదలలేదని ఆవిడ గమనించింది. ఈ మనిషితో ముప్ఫై ఏళ్ళు కాపురం చేసింది కనుక, దానికన్నా పెద్ద చప్పట్లు ఉండవని ఆవిడకి తెలుసు. నెమ్మదిగా వెళ్ళి గుమ్మం పక్కనున్న పెట్టె తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో, వినని మూడూ ఇప్పుడు వాయించమని, ఈసారి కిక్కురుమనకుండా వింటానని బతిమాలాడు.

"మొదటిది కంఠతా వచ్చు, వాయిస్తాను," అంది ఆవిడ. "రెండోది, మూడోది ఎక్కణ్ణుంచి తేను? అప్పటికప్పుడు వచ్చాయి, అక్కడే పోయాయి. రెండోది నాకే భలే నచ్చింది."

ఆ రెండు సోలోలు ఎలా ఉన్నాయో కళ్ళజోళ్ళాయన ఆ తర్వాత పళ్ళ డాక్టరుని అడిగాడు, హెడ్‌మిస్ట్రెస్‌ని అడిగాడు, చివరికి పన్నుల అధికారిని కూడా అడిగాడు. చాలా బాగున్నాయని అందరూ అన్నారు గానీ ఒక్కరూ పాడి చూపించలేకపోయారు.

ఫైనల్ మ్యాచ్‌ని మాత్రం టీవీలో ఆ వారమంతా పొద్దునా సాయంత్రమూ వేస్తూనే ఉన్నారు.