సందల్ గల్లీ మూలమీది డబ్బాలు

వార్డు కమిటీ సమావేశం మధ్యాహ్నం మూడు గంటలకు. ఇశ్రాయేలు మాత్రం పొద్దున ఆరింటికే లేచి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. వార్డు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా పద్దెనిమిదేళ్లు పనిచేసినా, ఒక సమావేశం కోసం అతను ఇంతగా తయారవడం అదే మొదటిసారి. కారణం ఎజెండాలోని నాలుగో అంశం.

పాతబస్తీలో హుస్సేనీ ఆలం నుంచి లోపలికి వచ్చే సందల్ గల్లీ మూలమీద అతని భార్య ఆగమ్మకు చాయ్ డబ్బా ఉంది. రేకులతో కట్టిన చిన్న దుకాణం. దాని పక్కన అలాంటివే మరో అయిదున్నాయి. మొదటిది జహంగీర్ భాయ్ పాన్ డబ్బా. ఈ ఆరింటికీ ఆనుకుని మునిసిపాలిటీ వాళ్ల చెత్త డబ్బాలు రెండు, చక్రాలున్న పెద్ద ఇనుపవి, ఎప్పుడు చూసినా నిండి పొర్లుతూ ఉండేవి. ఎండాకాలంలో ఆ కంపు భరించలేక గిరాకీలు గ్లాసు పట్టుకుని రోడ్డు అవతలికి పోయి తాగేవారు. కొందరు అటునుంచి అటే వెళ్లిపోయేవారు, గ్లాసుతో సహా.

"ఆఫీసుల నౌకరి జేసే మొగడుండి ఏం లాభం? రెండు డబ్బాలు జరిపిచ్చే తాకత్ లేకపాయె," అని ఆగమ్మ రెండేళ్లుగా గిరాకీల ముందే అంటూ వచ్చింది. ఇశ్రాయేలు ఆ మాటను దిగమింగి, ఫైలు కదిపాడు. ఫైలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పోయింది, పోయి వెనక్కి వచ్చింది, ఒకసారి పోయి మూడు నెలలు కనిపించలేదు. చివరికి ఎజెండా దాకా చేరింది. ఆగమ్మకు ఒక్క మాట చెప్పలేదు. సాయంత్రం లారీ వచ్చి ఆమె కళ్ల ముందే ఆ రెండింటినీ ఎత్తుకుపోతే అప్పుడు ఆమె మొహం చూడాలని అతని కోరిక. సంతకాలు అయిన వెంటనే పని జరిగేలా లారీ డ్రైవర్ బబ్లూతో మాట్లాడి పెట్టుకున్నాడు కూడా.

ఎనిమిదింటికి వార్డు కమిటీ అధ్యక్షుడు వైకుంఠం ఫోన్ చేశాడు. సమావేశానికి పైనుంచి ఒక పెద్ద ఆఫీసర్ వస్తున్నాడని, ఎజెండాను ఆయన కూడా ఉన్న వార్డు వాట్సాప్ గ్రూపులో పెట్టాలని చెప్పాడు. ఒక చిన్న మార్పు మాత్రం చేయమన్నాడు.

"నాలుగో దాంట్ల చెత్త అనే మాట తీసెయ్ ఇశ్రాయేలూ. సాబ్ మొదటిసారి వస్తుండు. మన వార్డు పేరు పక్కన చెత్త అని ఉంటే ఏం బాగుంటది?"

ఇశ్రాయేలుకు అందులో తప్పేమీ కనిపించలేదు. మాట తీసేశాడు. సందల్ గల్లీ మూలమీద ఉన్న డబ్బాల తొలగింపు అని టైపు చేసి, కింద తన పేరు, హోదా పెట్టి, ఎనిమిదిన్నరకు గ్రూపులో వేశాడు. ఆ తరువాత నెమ్మదిగా ఆఫీసుకు నడిచాడు.

మొదటి జవాబు స్టీలు సామాన్ల వ్యాపారి వెంకటనారాయణ నుంచి వచ్చింది. సేటు కమిటీలో సభ్యుడు కూడా. అతని దుకాణం గల్లీలో నలభై అడుగులు లోపలికి ఉంటుంది. ఆరు డబ్బాలు అడ్డుండటం వల్ల తన బోర్డు రోడ్డుమీదికి కనబడదని ఇరవై ఏళ్లుగా అతని బాధ. ఎన్నాళ్లకో ఒక మంచి పని జరుగుతోందని, ఇశ్రాయేలుకు వందనాలని రాశాడు. పది గంటలకు ఆఫీసుకు కిలో జిలేబీ పంపించాడు. తన దుకాణం ముందు నిలబడి వచ్చేపోయేవాళ్లకు కూడా పంచుతున్నాడని జిలేబీ తెచ్చినవాడు చెప్పాడు. కంపు సేటు దుకాణం దాకా కూడా పోతోంది కాబోలని ఇశ్రాయేలు జాలిపడి, రెండు ముక్కలు తిన్నాడు.

మూడో ముక్క చేతిలో ఉండగా జహంగీర్ భాయ్ ఫోన్ వచ్చింది. ముప్పై ఏళ్లుగా కూర్చున్న చోటు నుంచి లేపుతున్నందుకు అతనికి కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. "మా ముచ్చట ఇడిసిపెట్టు భాయ్," అన్నాడు. "నీ ఇంటామె డబ్బా గూడ పీకేస్తున్నవు గదా. ఆమె పొద్దున సంది పొయ్యి అంటియ్యలే."

ఇశ్రాయేలు జిలేబీని కాగితంలో పెట్టేశాడు. ఎజెండా తెరిచి నాలుగో అంశాన్ని మళ్లీ చదివాడు. ఇంకోసారి చదివాడు. ఆగమ్మకు ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు. వరుసగా ఆరుసార్లు చేశాడు; ఏడోసారి ఫోన్ ఆఫ్ చేసి ఉందని వచ్చింది.

ఇక ఆలస్యం చేస్తే లాభం లేదనుకుని, గ్రూపులో సవరణ పెట్టాడు: అందరికీ మనవి, పైన చెప్పిన డబ్బాలు అంటే చెత్త డబ్బాలు అని గమనించగలరు. పంపించి, ఊపిరి పీల్చుకున్నాడు.

అయిదు నిమిషాల్లో గ్రూపు నిండిపోయింది. జవాబులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. చెప్పులు కుట్టే ఆయన కొడుకు, తన తండ్రి అదే డబ్బాలో కూర్చుని ముగ్గురిని చదివించాడని, దాన్ని చెత్త అనడానికి నోరెలా వచ్చిందని అడిగాడు. పూల డబ్బా ఆమె రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టింది. అందులో సగం ఏడుపు, సగం ఇశ్రాయేలు వంశం గురించి. జహంగీర్ భాయ్ ఏమీ రాయలేదు. ఆ సవరణను జిరాక్స్ షాపులో పెద్ద అక్షరాలతో ప్రింటు తీయించి, కింద ఇశ్రాయేలు పేరు స్పష్టంగా కనిపించేలా, తన డబ్బాకు అతికించాడు.

ఇశ్రాయేలు వైకుంఠం కోసం పరుగెత్తాడు. వైకుంఠం పెద్ద ఆఫీసర్‌ను తీసుకురావడానికి పోయాడు. ఫోన్ ఎత్తడం లేదు. చేసేది లేక ఒంటిగంటన్నరకు ఇశ్రాయేలే గల్లీకి బయలుదేరాడు. ఎదురెదురుగా మాట్లాడితే అయిదు నిమిషాల్లో తేలిపోతుందని దారిపొడవునా తనకు తానే చెప్పుకున్నాడు.

అతను చేరేసరికి బబ్లూ లారీ గల్లీ అవతలి కొసన నిలబడి ఉంది. నాలుగింటికి మొఘల్‌పురాలో ఇంకో పని పడిందని, ఇది ముందే ముగించుకుందామని అతను వచ్చేశాడు. లారీ వెనక నుంచి ఇనుప కొక్కెం వేలాడుతోంది. దాన్ని చూసిన గల్లీకి ఇక ఎలాంటి అనుమానం మిగల్లేదు. అరవై డెబ్బై మంది గుమికూడారు. షట్టర్లు దిగుతున్నాయి. ఎవరో లారీ బంపర్‌ను అరచేత్తో చరుస్తున్నారు. బబ్లూ హారన్ మీద చెయ్యి పెట్టి, తీయడానికి భయపడి, అలాగే కూర్చున్నాడు.

లారీ మూల దాకా రాకుండా అడ్డం పెట్టడానికి జనానికి చేతికందినవి రెండే: ఆ ఇనుప చెత్త డబ్బాలు. ఎనిమిది మంది కలిసి వాటిని గడగడమని తోసుకుపోయి, గల్లీ మరీ ఇరుకయ్యే చోట, సరిగ్గా వెంకటనారాయణ దుకాణం మెట్ల ముందు అడ్డంగా నిలిపారు. చక్రాల కింద రాళ్లు పెట్టారు. వద్దని చెప్పడానికి సేటు దుకాణంలో లేడు. భోజనానికి ఇంటికి పోయాడు.

కొక్కేనికి మూరెడు దూరంలో, చేతులు కట్టుకుని, ఆగమ్మ నిలబడి ఉంది. మొగుణ్ని చూసి కదలలేదు.

"వచ్చినవా," అంది. "సంతకం పెట్టినోనివి నువ్వే గదా. నీ చేతులతోటే పీకు మరి."

"ఆగమ్మా, నా మాట ఇను. నేను చెప్పింది మన దాని గురించి గాదు. గవి చెత్త డబ్బాలు."

ఆగమ్మ వెనక్కి తిరిగి జనంతో నింపాదిగా అంది. "ఇన్నరా. పెండ్లాం మొకం మీద గూడ గదే మాట."

ఆ తరువాత అతను చెప్పింది ఎవరికీ వినపడలేదు. ఎవరో అతని ఇస్త్రీ చొక్కా పట్టి లాగారు, ఇంకెవరో విడిపించారు. జేబు ఒక పక్కకు ఊడి వేలాడింది. బబ్లూ సందు దొరకగానే లారీ వెనక్కి తిప్పి మొఘల్‌పురా దారి పట్టాడు. జనం మాత్రం ఆగలేదు. లారీ ఇప్పుడు పోయినా రేపు మళ్లీ వస్తుందని, తేల్చుకోవాల్సింది సమావేశంలోనేనని జహంగీర్ భాయ్ అన్నాడు. అందరూ, దారిలో కలిసినవాళ్లతో సహా, వార్డు ఆఫీసు వైపు కదిలారు. ఇశ్రాయేలు వాళ్లకంటే ముందు నడిచాడో, వాళ్లు అతన్ని తోలుకుపోయారో చూసినవాళ్లు చెప్పలేరు.

వార్డు ఆఫీసు హాల్లో కుర్చీలు నలభై. జనం రెండు వందలు. పెద్ద ఆఫీసర్ రుమాలుతో మెడ తుడుచుకుంటూ తలుపు ఎంత దూరంలో ఉందో చూస్తున్నాడు. వైకుంఠం మొహంలో నెత్తురు లేదు. దారిలో ఎవరూ అతనికి ఏమీ చెప్పలేదు. వీధి దీపాలు, నాలా పూడిక, పార్కు గేటు అన్న మొదటి మూడు అంశాలను అతను ఒక్క గుక్కలో చదివి ఆమోదించాడు. నాలుగో అంశం రాగానే, మా డబ్బాలు ముట్టొద్దని హాలంతా ఒక్క గొంతుతో అరిచింది. వెనక వరుసలో ఒక కర్ర నేలకు తగిలిన చప్పుడైంది.

ఇశ్రాయేలు మినిట్స్ పుస్తకం వదిలి, వంగి, అధ్యక్షుడి చెవిలో అన్నాడు. "సార్, తప్పు సమజైంది వీళ్లకు. తీసేది చెత్త..."

"ఆ మాట సాబ్ ముందట అనొద్దని చెప్పిన గదా," అని వైకుంఠం పళ్ల మధ్య నుంచి అని, అతన్ని మోచేత్తో కూర్చోబెట్టాడు. ఆ తరువాత లేచి, రెండు చేతులూ జోడించి, ఇరవై ఏళ్ల రాజకీయ జీవితంలో తెలుసుకున్నదంతా ఒక్క మాటలో చూపించాడు.

"రాసుకో ఇశ్రాయేలూ. సందల్ గల్లీల ఏ డబ్బా ఈ పొద్దు, ఈ గడియల ఏడ ఉన్నదో ఆడనే ఉంటది. ఒక్కటి గూడ జరపొద్దు. ఇదే తీర్మానం."

హాలు ఒక్కసారిగా చప్పట్లతో నిండిపోయింది. బలపరచడానికి ఒక సభ్యుడు కావాలని వైకుంఠం అడగ్గానే రెండు వందల తలలు ఒకే వైపు తిరిగాయి. అక్కడ ఇంటి నుంచి నేరుగా వచ్చిన వెంకటనారాయణ కూర్చుని ఉన్నాడు. పొద్దున తాను ఎవరెవరికి జిలేబీ పెట్టాడో వాళ్లంతా ఇప్పుడు అతన్నే చూస్తున్నారు. వెనక వరుసలో కర్ర మళ్లీ నేలకు తగిలింది. సేటు చెయ్యెత్తాడు. చెయ్యెత్తితే సరిపోదేమోనని భయం వేసి, తన వంతుగా ఒక మాట చేర్చమన్నాడు. "ఆడనే శాశ్వతంగా ఉంటది అని రాయున్రి." చప్పట్లు రెట్టింపయ్యాయి. జహంగీర్ భాయ్ వచ్చి సేటును కౌగిలించుకున్నాడు.

ఇశ్రాయేలు కలం ఆగింది. రెండేళ్ల పని ఒక్క వాక్యంతో మట్టిలో కలిసింది. ఇప్పుడైనా లేచి నిజం చెప్పాలని, తంతే తన్ననీ అని, కుర్చీ వెనక్కి జరిపాడు కూడా. సగం లేచాక అతనికి గల్లీ కళ్లముందు కదలాడింది: మూలమీద ఆరు రేకు డబ్బాలు, వాటి పక్కన ఖాళీ నేల, నలభై అడుగుల లోపల, స్టీలు దుకాణం మెట్ల ముందు, చక్రాల కింద రాళ్లతో రెండు ఇనుప డబ్బాలు. ఈ పొద్దు. ఈ గడియలో.

అతను మెల్లగా కూర్చున్నాడు. ఏ డబ్బా అన్న మాట దగ్గర కొంచెం వత్తి, తీర్మానం ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. నిబంధన ప్రకారం పైకి చదివి వినిపించాడు. ఎవరికైనా అభ్యంతరం ఉందా అని రెండుసార్లు అడిగాడు. ఎవరికీ లేదు. అధ్యక్షుడు సంతకం చేశాడు. పెద్ద ఆఫీసర్ ముద్ర వేశాడు. సభ్యుల్లో అందరికంటే ముందు వెంకటనారాయణ సంతకం చేశాడు.

బయట మెట్ల మీద ఇశ్రాయేలు భార్యకు జరిగిందంతా చెప్పాడు. రెండేళ్ల ఫైలు గురించి, తీసేసిన మాట గురించి, ఎందుకు ముందే చెప్పలేదో దాని గురించి. ఆగమ్మ మధ్యలో ఆపకుండా విన్నది. చొక్కా మీద వేలాడుతున్న జేబును పట్టుకుని, పైకి మడిచి, తన కొంగు పిన్ను తీసి దానికి పెట్టింది.

"గీ ముచ్చట నాకు పొద్దుగాలనే చెప్తే నీ నోరు అరుగుతుండెనా?" అంది. ఆమె గొంతులో కోపం చాలా తగ్గింది. ఇద్దరూ గల్లీ దాకా నడిచారు. ఆమె డబ్బా తెరిచి, పొయ్యి అంటించి, ఒకసారి గాలి గట్టిగా పీల్చి చూసింది. అల్లం వాసన తప్ప ఇంకేమీ లేదు. మొదటి చాయ్ మొగుడికే ఇచ్చింది.

వెంకటనారాయణ సాయంత్రం ఆరింటికి దుకాణానికి వచ్చి, మెట్ల ముందు రెండు ఇనుప డబ్బాలను చూశాడు. తోయించడానికి ఇద్దరు కూలీలను పిలిపించాడు. వాళ్లు రాళ్లు తీయబోతుంటే జహంగీర్ భాయ్ తీర్మానం నకలు పట్టుకుని వచ్చి, శాశ్వతంగా అన్న మాట చదివి వినిపించి, సేటుకు ఒక మీఠా పాన్ ఇచ్చి వెళ్లాడు.

మర్నాడు పదింటికి సేటు స్వయంగా వార్డు ఆఫీసుకు వచ్చి, తన దుకాణం ముందున్నవాటిని తొలగించాలని మూడు పేజీల దరఖాస్తు ఇచ్చాడు. ఇశ్రాయేలు లేచి నిలబడి రెండు చేతులతో అందుకున్నాడు, అందినట్టు ముద్ర వేశాడు, కుర్చీ చూపించి, ఫైలు కదలడానికి కొంచెం టైం పడుతుందన్నాడు.