ఒక సిగరెట్టు జిగురు

పొద్దున ఏడింటికి అద్దం ముందు గడ్డం గీసుకుంటూ బైండింగ్ మేస్త్రి ఆ రోజు పథకం ఖరారు చేసుకున్నాడు. సాయంత్రం నాలుగింటికల్లా ఆసుపత్రి వాళ్ల రెండు వందల రిజిస్టర్లు అప్పగించాలి. సిగరెట్టు ముట్టుకోకూడదు. ఈ రెండో సంగతి ఎవరికీ తెలియకూడదు.

మానేసి అప్పటికి పద్దెనిమిది రోజులు. ఇంతకు ముందు నాలుగుసార్లు మానేశాడు, నాలుగుసార్లూ అందరికీ చాటి మరీ మానేశాడు. మూడో రోజో నాలుగో రోజో ప్రింటింగ్ ప్రెస్సు వెనక మెట్ల మీద మళ్లీ పొగ లేచేది. మేస్త్రి తలెత్తుకోలేకపోయేవాడు. అందుకే ఈసారి నెల నిండేదాకా భార్యకి కూడా చెప్పదలచుకోలేదు. కోరిక వచ్చినప్పుడు దానితో వాదన పెట్టుకోవద్దని, కాసేపు వేరే పని చూసుకుంటే అదే పోతుందని డాక్టరు చెప్పాడు. మేస్త్రి బుగ్గన లవంగం పెట్టుకుని, గ్లాసుడు నీళ్లు తాగి, మేడ మెట్లు ఎక్కి దిగేవాడు. అలా ఎన్నిసార్లు ఎక్కాడంటే ప్యాంటు నడుము దగ్గర రెండంగుళాలు వదులైంది. మనిషి మాత్రం సడలలేదు.

ఆ పద్దెనిమిది రోజులూ ప్రెస్సులో పిన్నులు కొట్టే చిన్న పుస్తకాల పనే. జిగురు పని మొదలైంది పంతొమ్మిదో రోజున. కొంప మునిగింది అక్కడే.

ఇరవై రిజిస్టర్ల వెన్నులకి జిగురు రాసి, స్క్రూ ప్రెస్సులో బిగించి, మేస్త్రి అలవాటుగా వెనక మెట్ల మీదికి వెళ్లాడు. లవంగం నమిలాడు. కోరిక వచ్చింది, పోయింది. లోపలికొచ్చి స్క్రూ వదులు చేసి, పై రిజిస్టరు చేతిలోకి తీసుకున్నాడు. అట్ట అతని చేతిలో ఉండిపోయింది, కాగితాలన్నీ నేల మీద పరుచుకున్నాయి. మిగిలిన పంతొమ్మిదీ అదే దారి పట్టాయి.

కటింగ్ మెషిన్ నడిపే మనిషి పని ఆపి వచ్చాడు. అతన్ని అందరూ బ్లేడు అంటారు. ఆ పేరు మెషిన్ వల్ల వచ్చిందో మాటల వల్ల వచ్చిందో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. మేస్త్రి కట్టిన పుస్తకం ఊడటం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"అదేంటి గురువుగారూ, ఎప్పటిలాగే ఒక సిగరెట్టు సేపు ఉంచారు కదా?"

మేస్త్రికి అప్పుడు వెలిగింది. ఇరవై ఆరేళ్లుగా ఆ ప్రెస్సులో జిగురుకి గడియారం అతని సిగరెట్టే. రిజిస్టరుకి ఒకటి, లావుపాటి లెడ్జరుకి రెండు. ఇవాళ లవంగం నమిలి అంతకన్నా ముందే లేచొచ్చేశాడు. అది ఎన్ని నిమిషాలో అతనికి తెలియదు. ఇంకెవరికీ తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

"మానేశానురా," అన్నాడు గొంతు తగ్గించి.

"ఏం మానేశారు?"

"ఇంకేం మానేస్తాను, అన్నమా?"

బ్లేడు రెండు చేతులూ జోడించాడు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాడు. అంతటితో ఆగితే బాగుండేది. సిగరెట్టు తాను తాగుతానని, మేస్త్రి టైము చూస్తే చాలని పరిగెత్తి వెళ్లి రెండు కొనుక్కొచ్చాడు. జన్మలో ఎప్పుడూ తాగిన మనిషి కాదు. మొదటి దమ్ముకే కళ్లు తేలేసి మెట్ల మీద కూలబడ్డాడు. సిగరెట్టు మెట్ల పక్క మురిక్కాలువలో పడి ఆరిపోయింది.

రెండోది వెలిగించి గోడ మీద పెడితే గాలికి ఆరిపోయింది. బ్లేడుకి పొగ సోకితే చాలు, దగ్గు తెర ముంచుకొస్తోంది. దాన్ని మళ్లీ వెలిగించి పట్టుకోవడానికి ఇక మిగిలింది ఒక్కడే.

పంతొమ్మిది రోజులుగా ఏ మనిషిని తప్పించుకు తిరుగుతున్నాడో ఆ మనిషే ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేసినట్టుంది ఆ వాసన. మేస్త్రి దాన్ని చెయ్యి చాచినంత దూరంలో, అరచెయ్యి అడ్డం పెట్టి, కదలకుండా పట్టుకున్నాడు. బుగ్గన లవంగం పిండైపోయింది. పెదవులు బిగించాడు. నుదుటి మీది చెమట కనుబొమల దాకా దిగింది. బరువులెత్తే వస్తాదులకి చప్పట్లు కొడతారు గానీ, చేతిలో వెలుగుతున్న ఆ రెండున్నర అంగుళాలని నోటి దాకా ఎత్తకుండా నిలబడ్డవాడిని ఎవరు చూస్తారు? బ్లేడు ఒక్కడు చూశాడు. దూరంగా నిలబడి, ఫోన్‌లో టైము చూస్తూ ధైర్యం చెప్పసాగాడు.

"ఐదు నిమిషాలు గురువుగారూ. నోరు తెరవకండి, ముక్కుతో పీల్చండి. ఆగండాగండి, ముక్కుతోనూ వద్దు."

తొమ్మిదో నిమిషంలో వెనక తలుపు తెరుచుకుంది. ఊడిన రిజిస్టర్లు చూసి మండిపడుతూ ప్రెస్సు యజమానురాలు వచ్చింది. ఆమె పక్కన మేస్త్రి భార్య. ఆయన ఇంట్లో మరిచిపోయిన కళ్లజోడు తెచ్చిచ్చి పోదామని వచ్చింది.

నలుగురూ సిగరెట్టు వైపే చూశారు.

బ్లేడు గురుభక్తి ఆ క్షణంలో కట్టలు తెంచుకుంది. ఒక్క గెంతుతో ఆ సిగరెట్టు లాక్కున్నాడు. "ఇది నాది మేడమ్. గురువుగారు కాస్త పట్టుకున్నారంతే," అని, నమ్మించడానికి నోట్లో పెట్టుకుని గట్టిగా లాగాడు. ఆ తర్వాత వచ్చిన దగ్గుకి సిగరెట్టు ఎగిరి, తలుపు పక్కనున్న కాగితం తుక్కు బస్తాలో పడింది. సన్నగా పొగ లేచింది.

పదేళ్లుగా గోడకి వేలాడుతున్న, మంటలార్పే ఎర్ర సిలిండర్‌ని యజమానురాలు ఊడబెరికింది. దాన్ని ఎటు తిప్పి పట్టుకోవాలో చదువుకునే తీరిక ఎవరికుంది? తెల్లటి పొడి మొదట బ్లేడు మీద, తర్వాత మేస్త్రి దంపతుల మీద, చివరికి తలుపులోంచి లోపలి అట్టల దొంతరల మీద పడింది. బస్తా మీద మాత్రం చిటికెడు కూడా పడలేదు. అది తనంతట తానే ఆరిపోయింది.

పొడి సర్దుకున్నాక యజమానురాలు ఒక్కటే మాట అంది. నాలుగింటికి రిజిస్టర్లు అందకపోతే ఆసుపత్రి పని పోతుందని, పోతే ఆ పాపం మేస్త్రిగారి సిగరెట్టుదేనని. చేతిలో వెలుగుతున్నది చూశాక తాగలేదంటే ఎవరు నమ్ముతారు? పంతొమ్మిది రోజులూ ఆ పొడిలో కలిసిపోయాయనుకున్నాడు మేస్త్రి.

"ఆయన తాగలేదండీ," అంది భార్య, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

"నేను కళ్లారా చూశాను కదమ్మా."

"నేనూ చూశాను. ఆయన తాగేటప్పుడు బూడిద గోరంత కూడా నిలవదు, రాలుస్తూనే ఉంటారు. ఇవాళ వేలెడంత నిలిచింది. నోటి దగ్గరికి కూడా పోలేదది." భర్త వైపు తిరిగింది. "పద్దెనిమిది రోజులుగా మీ దగ్గు లేకుండా నిద్ర లేస్తున్నాను. నాకు తెలియదనుకున్నారా?"

"మరి ఒక్క మాటైనా అనలేదేం?"

"నేను మెచ్చుకున్న ప్రతిసారీ మర్నాడే మళ్లీ మొదలుపెట్టారు. అందుకని మెచ్చుకోవడం మానేశాను."

మేస్త్రి కళ్లజోడు తీసుకుని పెట్టుకున్నాడు. దాని నిండా పొడే. ఆ పొడి వెనక కళ్లు తుడుచుకోవడం ఎవరికీ కనబడలేదు. తాగకుండా దాన్ని ఎందుకు పట్టుకున్నారని ఆమె అడిగితే, జిగురు సంగతి బ్లేడే దగ్గుకీ దగ్గుకీ మధ్య చెప్పాడు.

"ఇంతేనా? నన్నడిగితే చెప్పేదాన్నిగా. ఏడు నిమిషాలు."

ముగ్గురూ ఆమె వైపు చూశారు.

"వడ్డించిన కంచం ముందు కూర్చోబెట్టి, ఒక్క సిగరెట్టు తాగొస్తానని వెళ్లేవారు. ఇన్నేళ్లూ ఆ గడియారం చూస్తూ కూర్చున్నది ఎవరనుకున్నారు?"

ఇరవై రిజిస్టర్లకి జిగురు రాసి బిగించారు. ఆమె స్టూలు మీద కూర్చుని, చేతి గడియారం చూసి, "ఇంక తియ్యండి," అంది. యజమానురాలు ఒక రిజిస్టరుని అట్ట పట్టుకుని గాల్లో ఊపి చూసింది. కాగితం కదల్లేదు. పది విడతలూ అలాగే నడిచాయి. మధ్యలో రెండుసార్లు మేస్త్రి మొహం వాడిపోవడం గమనించి, భార్య నీళ్ల గ్లాసు అందించింది. మూడున్నరకి రెండు వందల రిజిస్టర్లూ బండెక్కాయి. దులిపినా పోని కాస్త తెల్లపొడి ఆసుపత్రి వాళ్లకి కొత్తేమీ అనిపించలేదు.

అప్పటినుంచి ఆ ప్రెస్సులో జిగురు సరిగ్గా ఏడు నిమిషాలకి ఆరుతోంది. ఆ ఏడు నిమిషాలు ఊరికే కూర్చోలేక మేస్త్రి వెనక మెట్ల గోడకి ఇప్పటికి మూడుసార్లు రంగు వేశాడు.