అది గొర్ల గోల్, నీ గోల్ ఏంది?

"ఈ రోజు నుంచి ఈ పశువుల దవాఖానల ఉద్యోగులు ఉండరు, విజేతలే ఉంటరు!"

గీ మాట డాక్టర్ ప్రేమ్‌సాగర్ సార్ కుర్చీ ఎక్కి మరీ చెప్పిండు. నేను చెవులార విన్న. వినకుంటె ఎట్ల? గా మాట రాసిన ఫ్లెక్సీ కొట్టింది నేనే. నకిరేకల్ నుంచి కేతేపల్లి దిక్కు పోయే తొవ్వల, దవాఖాన ఎదురుంగనే మన షాపు, ఎల్లేష్ ఫ్లెక్సీ ప్రింటర్స్. సార్ బొమ్మ పెద్దగ, మంత్రిగారి బొమ్మ ఇంకింత పెద్దగ, మూలకు ఓ గొర్రె బొమ్మ చిన్నగ పెట్టిన.

"గొర్రె ఎందుకయ్యా?" అన్నడు సార్.

"పశువుల దవాఖాన గద సార్."

జర సేపు ఆలోచించి "సరే, ఉండనియ్" అన్నడు. గంత పెద్ద మనసు ఆయనది.

సార్ హైదరాబాద్ అవతల ఏదో రిసార్ట్‌ల ట్రైనింగ్‌కు పోయొచ్చిండు. పోకముందు మామూలు డాక్టరే, పాపం, సూదులేసుకుంట బతికేటోడు. వచ్చినంక సూది ముట్టలే. ఉద్యోగికి పర్సనల్ గోల్ ఉండాలె, గోల్ ఉంటే జోష్ వస్తది, జోష్ వస్తే పని దానంతటదే అయితది అన్నడు. మాకెవ్వరికీ గీ సంగతి ఇన్నేండ్లు తెల్వకపాయె!

తెల్లారే గోల్స్ చెప్పుడు మొదలు. కాంపౌండర్ జాషువా లేచి "పొట్ట తగ్గించుకుంట సార్" అన్నడు. చప్పట్లు. క్లర్క్ శోభ మేడం "నల్లగొండకు ట్రాన్స్‌ఫర్ సార్" అన్నది. మళ్ల చప్పట్లు. అటెండర్ నాగరాణి "అయిదు గొట్టంగనే ఇంటికి పోవాలె" అన్నది.

"అయిదేంది? థింక్ బిగ్ నాగరాణీ!"

నాగరాణి బాగా ఆలోచించి "మూడు" అన్నది. సార్‌కు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

గప్పుడే గేటుకాడికి ఐలేశం మామ వచ్చిండు. మా ఊర్ల గొర్లు కాసే మనిషి. వానలు మొదలైనయ్, లేతగడ్డి మొలిచింది. గా గడ్డి తిన్న గొర్లకు చిటుకు రోగమొస్తది. పొద్దుగాల మేసిన గొర్రె మాపటికి ఉండది. ముందుగాల సూది పడితే ఏం కాదు. ఆయన మందల అప్పటికే రెండు పిల్లలు పోయినయ్. మందు వచ్చి దవాఖాన ఫ్రిజ్‌ల ఉన్నది, ఏసుడే తక్కువ.

"సారూ, నీ కాల్మొక్త, జర సూదులెయ్యిండ్రి."

"ముందు చెప్పు ఐలేశం, నీ గోల్ ఏంది?"

"గట్లంటే?"

"జీవితంల నీకు ఏం కావాలె?"

"గొర్లు బత్కాలె సారూ."

"అది గొర్ల గోల్. నీ గోల్ ఏంది?"

ఐలేశం మామ గొంగడి సదురుకొని నా దిక్కు జూసిండు. నేను ఆకాశం దిక్కు జూసిన.

"ఆలోచించుకొని రేపు రా" అన్నడు సార్. "గోల్ లేని మనిషి గొర్లకు సూదేస్తే ఏం ఫాయిద?"

మామ రాత్రంత ఆలోచించినట్టుంది, తెల్లారి కండ్లు ఎర్రగయినయ్. "యాదగిరిగుట్టకు పోత సారూ" అన్నడు.

"శభాష్! ఎప్పుడు?"

"గొర్లకు సూదులు పడ్డంక."

"మళ్ల గొర్లకే వచ్చినవ్!" అని సార్ నెత్తి కొట్టుకున్నడు. ఎంత ఓపికయ్యా ఆయనకు!

దవాఖానల మాత్రం జోష్ పొంగుతాంది. జాషువా దవాఖాన చుట్టు బిరబిర నడుస్తుండు. ఆయన ఎనుక రోగం బర్రె, బర్రె ఎనుక దాని ఆసామి. "ఆగు సారూ" అంటే "గోల్ ఆగదు" అంటుండు. శోభ మేడం బల్ల నిండ నల్లగొండ ఫోటోలు అంటించుకొని వాటినే చూస్తున్నది. నాగరాణి మూడింటికి గేటు దాటుతాంది. జాషువా కీర ముక్కలు, మొలకలు, నిమ్మనీళ్లు పెట్టుకునేటందుకు ఫ్రిజ్ ఖాళీ జేసిండ్రు. మందు డబ్బాలను ఎండ పడే కిటికీల పెట్టిండ్రు. దీనికి జాషువానే జర భయపడ్డడు.

"బయట పెడితే మందు చెడిపోతది గద సార్?"

"చెడిపోతదనుకుంటే చెడిపోతది. పాజిటివ్‌గ ఉండు జాషువా."

గీ ముచ్చట మంత్రిగారి చెవిల పడ్డది. ఇట్లాంటి దవాఖాన రాష్ట్రంలనే లేదట, ఆయనే స్వయంగ వస్తనన్నడు. దవాఖాన ముంగట టెంటు ఏసిండ్రు. నాకు రెండు రోజులు తిండికి తీరలే, అన్ని ఫ్లెక్సీలు.

మంత్రిగారు మైకు పట్టుకున్నడో లేదో, మంద మొత్తం టెంట్లకు జొచ్చింది. ఎనుక ఐలేశం మామ. ఆ వారంలనే ఇంకో నాలుగు గొర్లు పోయినయ్ పాపం, మనిషి పిచ్చిలేసినట్టున్నడు.

"నా గోల్ నాకు చెప్పనీకె రాదు సారూ! గోల్ ఉన్నోళ్లనే తోలుకొచ్చిన, మీరే అడుగుండ్రి!"

గొర్లు దొరికింది దొరికినట్టు మేసినయ్. ఒకటి మంత్రిగారి దండ నమిలింది. ఇంకోటి సార్ శాలువ పట్టుకొని గుంజింది. శోభ మేడం కుర్చీ ఎక్కి "నల్లగొండ, నల్లగొండ" అని జపం చేసింది. నవ్వి నవ్వి నాకు కడుపుల నొచ్చింది.

మంత్రిగారు మాత్రం మురిసిపోయిండు. "ఇంత స్పందనా! గొర్లే నడిచొచ్చినయంటే ప్రేమ్‌సాగర్ మామూలోడు కాదు. తెండ్రయ్యా మందు, నా చేతుల మీదుగ మొదటి సూది!"

అందరు దవాఖాన లోపలికి పోయిండ్రు, నాగరాణి ఫ్రిజ్ తెరిచింది. మంత్రిగారు ఓ కీర ముక్క తీసుకొని నోట్లేసుకున్నడు. నాగరాణి కిటికీల డబ్బాలు తెచ్చింది. సార్ ఓ సీసా పట్టుకొని, చుర్రుమన్నట్టు చెయ్యి గుంజుకున్నడు. జాషువా దిక్కు జూసిండు. జాషువా తన పొట్ట దిక్కు జూసుకున్నడు. నిజంగనే తగ్గింది.

"పాజిటివ్" అని గొణిగి సార్ సిరంజి నింపిండు.

కెమెరాలు మెరుస్తుండంగ మందకంత సూదులు పడ్డయ్. సార్‌కు ఉత్తమ అధికారి అవార్డు, ఇగ రాష్ట్రమంత తిరిగి అన్ని దవాఖానలకు గోల్స్ నేర్పాలెనని ఆర్డర్. ఐలేశం మామ సార్ కాళ్ల మీద పడి ఏడ్సిండు. సంతోషంతోనే. నా గొర్లు బతికినయ్, నా గొర్లు బతికినయ్ అని ఒక్కటే మాట.

పొద్దు గూకంగ మామ మందను తోలుకొని నా షాపుకే వచ్చిండు.

"అల్లుడా, సార్‌కు ఓ ఫ్లెక్సీ కొట్టు. మా సార్ ఏసిన సూదితోని బతికిన గొర్లు అని రాయి. నా గొర్లన్ని కనవడాలె, ఒక్కటి తప్పినా ఊకోను."

"ఎంత పెద్దగ మామా?"

"నీ దగ్గర ఉన్నదాంట్ల పెద్దది. ఫోటో రేపు దిగుదమా? ఇయ్యాల చీకటయితాంది."

నేను ఫోన్ తీసి గబగబ రోడ్డు మీదికి నడిచిన.

"వద్దు మామా, ఇప్పుడే నిలవెట్టు" అన్న.