దీపానికో స్క్రూ

ఆ ఉదయం చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ కథకుడు అనుకున్నది చాలా చిన్న పని. ఏళ్ళ తరబడి రాసిన వీడియో గేమ్ కథకు బావ చేత సరే అనిపించుకోవాలి. బావ అంటే అక్క మొగుడు, ఆ గేమ్‌ల కంపెనీకి యజమాని కూడా. కథలో ఒక ముసలమ్మ దీపం వెలిగిస్తే పోయినవాళ్ళ గొంతులు వినిపిస్తాయి. ఆ ముసలమ్మ ముఖంతో సహా అచ్చం కథకుడి అమ్మే. ఆవిడ పోయినప్పుడు ఏడవడం చేతకాక, కూర్చుని కథ రాసుకున్నాడు. తెరమీద మొట్టమొదట 'మా అమ్మకు' అని, దాని కింద అతని పేరు వేయిస్తానని బావ మాటిచ్చాడు.

బావ కథంతా విని ఒక్కటే అడిగాడు. "ఇంతకీ ఇది సైన్స్ ఫిక్షనా, ఫాంటసీనా? అట్టపెట్టె మీద ఏదో ఒకటి అచ్చెయ్యాలిగా."

ఊరుకున్నంత ఉత్తమం లేదు. మనవాడు ఊరుకోలేదు. "వస్తువు ఎలా పనిచేస్తుందో, పాడైతే ఎలా బాగుచెయ్యాలో కథ చెప్పగలిగితే సైన్స్ బావా. అడక్కుండా నమ్మమంటే ఫాంటసీ. మనది రెండోది."

బావకు చివరి మాటలు ఎక్కలేదు. పాడైతే అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. "అంటే మన దీపం పాడైతే బాగుచెయ్యలేమా? కొన్నవాళ్ళు ఊరుకుంటారా? ఓ స్క్రూ పెట్టించు."

ఒక్క స్క్రూయే కదా అని కథకుడు తలూపాడు. బొమ్మలు గీసే అమ్మాయి స్క్రూ పెట్టింది. స్క్రూ ఉన్నాక స్క్రూడ్రైవర్ ఉండొద్దా అని బావ అడిగితే, దాన్ని ముసలమ్మ చేతిలో పెట్టింది. చీర మీద అది బాగాలేదని ఆవిడకు నూనె మరకల పంట్లాం తొడిగింది. దీపంలోకి బ్యాటరీ వచ్చింది. బ్యాటరీతో వినిపించేవి రికార్డింగులే కదా, దానికి మనుషులు చచ్చిపోవడం దేనికని బావ వాళ్ళందరినీ బతికించాడు. కథలో ఇక ఏడవడానికి ఎవరూ మిగల్లేదు.

కథకుడు మింగలేక కక్కలేక కూర్చున్నాడు. బావతో గొడవ పెట్టుకుంటే అది అక్క ఇంట్లో గొడవ అవుతుంది.

ఇంతలో సెలవు మీద వెళ్ళిన సేల్స్ మేడమ్ తిరిగొచ్చింది. మంత్రగత్తె గేమ్ అని చెప్పి ఆవిడ సెలవుకు ముందే దుకాణాలన్నిటి దగ్గరా ఆర్డర్లు పట్టేసింది. చేసేదిలేక మెకానిక్ ముసలమ్మకు ఎగిరే చీపురు ఇచ్చారు. చీపురు ఎలా ఎగురుతుందో చెప్పాలి కనక దానికి పెట్రోలు ట్యాంకు బిగించారు. అందరూ బతికే ఉన్నారు, మరి ఆటలో చెయ్యడానికేముందని ఎవరో అడిగితే, ముసలమ్మ చేతికి తుపాకీ కూడా వచ్చింది.

కథకుడు బావ గదికి వెళ్ళాడు. "నా పేరు తీసెయ్యి బావా. అమ్మ మాట కూడా."

బావ నొచ్చుకున్నాడు. "మాటిచ్చాను కదా. నేను మాట తప్పే మనిషినా?" అని, అప్పటికప్పుడు ఆ అక్షరాలు ఇంకా పెద్దవి చేయించాడు.

గేమ్ విడుదలైన రోజు అక్క వచ్చి తమ్ముడి పక్కన కూర్చుంది. తెరమీద 'మా అమ్మకు' అని వచ్చింది, కింద తమ్ముడి పేరు వచ్చింది. ఆ వెనకే ముసలమ్మ పొగ వదులుతూ ఎగిరొచ్చి, పొరుగువాళ్ళను వరసగా కాల్చేసింది. ముఖం మాత్రం ఎవరూ మార్చలేదు.

అక్క తమ్ముడి వైపు తిరిగి మెల్లగా అంది. "అమ్మ మీద నీకింత కోపముందని నాకు తెలీదురా."

బావ ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం జన్మలో అదే మొదటిసారి. అదెలా జరిగిందో ఎవరూ చెప్పలేరు కనక, మొత్తం గేమ్‌లో ఫాంటసీ అంటూ మిగిలింది అదొక్కటే.