దిండు గలీబులు తొడిగిన వ్యాను

శనివారం పొద్దున్నే బయల్దేరి, ఎండ ముదరకముందే రావులపాలెం అవతల సంపూర్ణమ్మగారింటికి చేరుకోవాలని లాజరుగారూ, ఆయన భార్య ఆశాజ్యోతీ ముందురోజే అనుకున్నారు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు వినీల రాజమండ్రిలో ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తోంది. అదే ఆస్పత్రి మందుల షాపులో ఉండే అనిల్ కుమార్‌ని ఇష్టపడింది. అబ్బాయి మంచివాడు, అందులో ఎవరికీ అనుమానం లేదు. కాకపోతే అతని తల్లి సంపూర్ణమ్మగారు హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. పిల్ల తల్లిదండ్రులతో ఒకసారి మాట్లాడాకే ఏ సంగతీ చెబుతానన్నారు. ఆ మాట్లాడటం ఇవాళ. ధవళేశ్వరం నుంచి వెళ్ళడానికి బస్సులకి కొదవలేదు. కానీ ఇంటి ముందు సొంత వ్యాను పెట్టుకుని బస్సెక్కడమేమిటని లాజరుగారు పట్టుబట్టారు.

ఆ వ్యాను పూర్వం ఒక విత్తనాల కంపెనీది. ఊరూరా తిరిగి మైకులో వరి విత్తనాల గొప్పలు చెప్పేది. కిందటి వానాకాలంలో కడియం దగ్గర అదుపు తప్పి కాలవలో పడింది. క్రేను వచ్చి పైకి తీసేదాకా నీళ్ళలోనే నానింది. ఇన్సూరెన్సు వాళ్ళు వచ్చి చూసి, ఇక ఇది బండి కాదని రాసి వెళ్ళిపోయారు. పాత ఇనుములోకి పోవాల్సిన దాన్ని లాజరుగారు మెకానిక్ ఏసురాజు షెడ్డు ముందు చూసి, ముచ్చటపడి, కొనేశారు. చచ్చిన బండిని లేపుతున్నారని విని వాళ్ళ లూథరన్ చర్చి పాస్టరుగారు, "బైబిల్లో చచ్చి లేచిన లాజరు పేరుకి తగ్గ పనేనండి," అన్నారు. భార్యకి మాత్రం లాజరుగారు కాలవ సంగతి చెప్పలేదు. కంపెనీ వాళ్ళు జాగ్రత్తగా వాడుకున్న బండి అని చెప్పారు.

ఏసురాజు వేసవి అంతా దాని మీదే ఉన్నాడు. ఇంజను విప్పితే బురదతో పాటు ఒక కొరమీను పిల్ల ఎముకలు బయటపడ్డాయి. రేడియేటరు ఒక పాలవ్యానుది దొరికింది. ఎడమవైపు తలుపు ఒక స్కూలు వ్యానుది తెచ్చి బిగించాడు. బండి నీలం, తలుపు పసుపు. అద్దాలు పైకెక్కాయి గాని మళ్ళీ దిగలేదు. "వానాకాలమే కదండీ, దించుకునే పనేముందండి," అన్నాడు. వైపరుకి స్విచ్చు దొరక్కపోతే, డాష్‌బోర్డు మీద చెక్కుచెదరకుండా మిగిలిన ఒకే ఒక్క స్విచ్చుకి దాన్ని కలిపాడు. అది పూర్వం మైకు స్విచ్చు. మైకేమో డ్రైవరు నెత్తిమీద, సీలింగు గుడ్డ వెనకాల ఉండేది. అది అక్కడ ఉన్న సంగతి ఏసురాజుకీ తెలియదు.

టాపు మీద ముందుకొకటి, వెనక్కొకటి రెండు లౌడ్‌స్పీకర్లు మిగిలిపోయాయి. తీసెయ్యమన్నారు లాజరుగారు.

"తీస్తే టాపుకి కన్నాలు పడతాయండి. వానొస్తే మీ నెత్తిమీదేనండి. అవెలాగూ నీళ్ళు తాగి చచ్చిపోయాయి. పడుండనీయండి," అన్నాడు ఏసురాజు.

పెళ్ళిమాటలకి లౌడ్‌స్పీకర్లతో వెళ్ళడం ఆశాజ్యోతికి నచ్చలేదు. ఉతికి ఇస్త్రీ చేసిన రెండు తెల్లటి దిండు గలీబులు తెచ్చి వాటికి తొడిగి, తాళ్ళతో కట్టించింది. తర్వాతే బండెక్కింది.

హైవే ఎక్కేదాకా అంతా బాగానే జరిగింది. ఇంజను మాత్రం నీళ్ళ పంపులాగా హోరెత్తింది. పక్కపక్కనే కూర్చున్నా ఇద్దరూ గొంతు చించుకుని మాట్లాడుకోవాల్సి వచ్చింది. కడియం నర్సరీలు దాటుతుండగా వాన మొదలైంది. లాజరుగారు స్విచ్చు వేశారు. వైపరు కదిలింది. వేసవి ఎండకి పూర్తిగా ఆరిపోయిన మైకు కూడా, దాంతోపాటే లేచింది.

"ఎక్కడో మైకు పెట్టారండి," అంది ఆశాజ్యోతి చెవి రిక్కించి.

"వానలో కూడా మీటింగులు మానరు వీళ్ళు. గొంతు చూడు, రేకు మీద గీసినట్టుంది."

లారీలోకి మొక్కలెక్కిస్తున్న కూలీలు పని ఆపి రోడ్డు వైపు తిరిగారు. ఇద్దరు కుర్రాళ్ళు మోటారు సైకిలు తీసి వ్యాను వెనకాల పడ్డారు. లాజరుగారికి సంతోషం వేసింది.

"చూశావా, బండిని ఎలా చూస్తున్నారో."

"చూడరూ, రంగురంగుల తలుపులతో. ఇంతకీ ఇది ఎవరిదని చెబుదాం?"

"మన కారు సర్వీసింగుకి ఇచ్చాం, ఇది ఫ్రెండుదని చెబుదాం."

"మనకి కారెక్కడుంది?"

"సర్వీసింగులో ఉందంటున్నానుగా. నువ్వు మాత్రం వినీల వంట బాగా చేస్తుందని చెప్పు."

"నోరెలా వస్తుందండీ. మొన్న అది చేసిన ఉప్మా గిన్నెతో సహా పారేశాం."

"గిన్నె సంగతి వాళ్ళకెందుకు. ఆవిడ మాట మహా పదునంట కదా. ఏమన్నా తలూపి ఊరుకో. కాఫీ ఎలా ఉన్నా బాగుందను."

జొన్నాడ దగ్గర టీ కొట్టు ముందు నిలబడ్డవాళ్ళు గ్లాసులు పట్టుకుని రోడ్డు మీదకి వచ్చేశారు. ఇద్దరు కుర్రాళ్ళు మోటారు సైకిలు తీసి వ్యాను వెనకాల పడ్డారు. గౌతమి వంతెన మీదకి వచ్చేసరికి వాళ్ళ వెనక ఇంకొందరు చేరారు. వానలో తడుస్తూ ఇంతమంది ఎక్కడికి వెళుతున్నారో లాజరుగారికి అర్థం కాలేదు.

ఆశాజ్యోతి సంచిలో ఫోను మోగింది. అనిల్ కుమార్ పేరు కనిపించింది.

"అబ్బాయండీ. ఆలస్యమయ్యామని అడుగుతాడేమో."

"ఎత్తకు. దారిలో ఉన్నామంటే ఇంకా చిన్నతనం."

ఫోను ఆగి మళ్ళీ మోగింది. ఆశాజ్యోతి దాన్ని సంచి అడుక్కి తోసేసింది. తర్వాత అసలు బెంగ బయటపెట్టింది. "వాళ్ళు బాప్టిస్టులు కదండీ. మనకైతే పసితనంలోనే నాలుగు చుక్కలు చిలకరించి బాప్తిస్మం సరిపెట్టారు. వాళ్ళు పిల్లని మళ్ళీ గోదాట్లో ముంచుతామంటేనో?"

"ముంచితే ముంచనీ. ఈత వచ్చుగా దానికి."

రావులపాలెం అరటి మార్కెట్టు దగ్గర గెలల లారీలు అడ్డంగా తిరుగుతుండటంతో బండ్లన్నీ ఆగిపోయాయి. నీలం వ్యాను సరిగ్గా మార్కెట్టు మధ్యలో నిలబడింది. కాళ్ళు సర్దుకోబోయిన ఆశాజ్యోతికి సీటు కింద ఏదో గరగరమని తగిలింది. వంగి తీసింది.

"ఇవేంటండీ?"

"ఏవో గుల్లలు."

"నత్తగుల్లలు. బండిలోకి ఎలా వచ్చాయి?"

లాజరుగారు ముందున్న లారీని శ్రద్ధగా చూశారు.

"మిమ్మల్నే అడుగుతున్నాను."

"ఒకసారి కాలవలో పడిందిలే. కొంచెం సేపు."

"నత్తలు కాపురం పెట్టేంత సేపా? కాలవలో మునిగిన బండెక్కించి పెళ్ళిమాటలకి తీసుకెళుతున్నారా నన్ను? ఎవరడిగారు మిమ్మల్ని బండి కొనమని? బస్సులు లేవా, ఆటోలు లేవా?"

గెలలు దించుతున్న మనిషి గెలని భుజం మీదే ఉంచుకుని నిలబడిపోయాడు. వేలం పాట పాడుతున్నాయన పాట ఆపాడు. ఒకాయన వచ్చి అద్దం మీద కొట్టి, టాపు వైపు చెయ్యి చూపించి ఏదో చెప్పబోయాడు. లిఫ్టు అడుగుతున్నాడనుకుని లాజరుగారు లోపల చోటు లేదన్నట్టు చెయ్యి ఊపారు. ఆయన ఇంకోసారి చూపించాడు. లాజరుగారు ఇంకోసారి ఊపారు.

తర్వాత భార్య వైపు తిరగకుండానే అన్నారు. "నీ మోకాళ్ళు చూసి కొన్నాను. చర్చికెళ్ళడానికి బస్సు మెట్టు ఎక్కేటప్పుడు నువ్వు ఊపిరి బిగపట్టి, కళ్ళు మూసుకుని ఎక్కుతావు. నేను చూడట్లేదనుకుంటావు. మంచి కారు మనవల్ల కాదు. ఇది కనపడింది. మునిగితే మునిగింది, మెట్టు తక్కువెత్తులో ఉంది కదా అని తీసుకున్నాను."

ఆశాజ్యోతి గుల్లల్ని చేతిరుమాల్లో మూటకట్టి, పారెయ్యకుండా సంచిలో పెట్టుకుంది. కాసేపటికి, "ముందు చూసి నడపండి," అంది.

లారీలు కదిలాయి. చక్కెరకేళీలు అమ్మే ఒకామె పరుగున వచ్చి, పసుప్పచ్చ తలుపు తీసి, ఆశాజ్యోతి ఒళ్ళో ఒక అత్తం పళ్ళు పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఈ ఊరి వాళ్ళు ఎంత మర్యాదస్తులోనని లాజరుగారు మెచ్చుకున్నారు.

సంపూర్ణమ్మగారి ఊళ్ళోకి తిరిగేసరికి వ్యాను వెనక మోటారు సైకిళ్ళూ, సైకిళ్ళూ, రెండు ఆటోలూ ఉన్నాయి. వీధి అరుగుల మీద జనం ముందే వచ్చి నిలబడి ఉన్నారు. వ్యాను ఆ ఇంటి గేటు ముందు ఆగింది. ఇంజను ఇంకా ఆపలేదు, వైపరు ఇంకా తిరుగుతోంది.

"ఇదేనండీ ఇల్లు, వినీల ఫోటోలో చూపించింది. ఆ గేటు దగ్గరున్న లావుపాటావిడే అయ్యుంటుంది."

"ఆవిడే. కాస్త నవ్వు మొహం పెట్టు."

"పెట్టాను. కారు సర్వీసింగులో ఉందని మర్చిపోకండి."

గేటు దగ్గరున్న సంపూర్ణమ్మగారు ఆ మాటలన్నీ విని, నవ్వు మొహం పెట్టి, ఎదురొచ్చారు.

హాల్లో కొత్త సోఫా ఉంది. గోడకి ఏసీ ఉంది. అనిల్ కుమార్ ఒక మూల నేల చూస్తూ నిలబడ్డాడు. కిటికీల్లోంచి చాలా తలకాయలు కనిపించాయి. లాజరుగారు సోఫాలో సర్దుకుని కూర్చుని మొదలుపెట్టారు. "మా కారు సర్వీసింగుకి ఇచ్చామండి. ఇది ఫ్రెండుది."

కిటికీల దగ్గర ఎవరో దగ్గారు.

"అలాగాండీ," అన్నారు సంపూర్ణమ్మగారు. "కాఫీ తీసుకోండి. ఎలా ఉన్నా బాగుందనేయండి."

ఆవిడ సరదా మనిషేనని లాజరుగారికి ధైర్యం వచ్చింది. భార్యకి కనుసైగ చేశారు.

"మా వినీల వంట బాగా చేస్తుందండి," అంది ఆశాజ్యోతి.

"ఉప్మా కూడానాండి?"

ఆశాజ్యోతి చేతిలో కాఫీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది.

"ముంచడం గురించి బెంగ పెట్టుకోకండి," అన్నారు సంపూర్ణమ్మగారు మెల్లగా. "పిల్ల పెద్దది, అది దాని ఇష్టం. పైగా మీ బండి నిండా మునిగే వచ్చిందంట కదా. దాన్ని మా సంఘంలో కలుపుకోవడానికి మా పాస్టరుగారికి ఏ అభ్యంతరమూ ఉండదు."

లాజరుగారు భార్యని చూశారు. ఆశాజ్యోతి అనిల్ కుమార్‌ని చూసింది.

"అందుకేనండి అన్నిసార్లు ఫోను చేశాను," అన్నాడు అతను నేల మీంచి కళ్ళెత్తకుండా. "మీ బండి మైకు ఆన్‌లో ఉందండి. కడియం నుంచీ మా ఫ్రెండ్స్ వెనకాలే వస్తూ ఫోన్లో పెట్టి వినిపిస్తున్నారండి."

లాజరుగారి చెవులు ఎర్రబడ్డాయి. లావుపాటావిడ అన్న మాట గుర్తొచ్చి ఆశాజ్యోతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూతురి మొహం ఎలా చూడాలో తెలియలేదు. గ్లాసు కింద పెట్టి లేచింది.

"వెళదాం పదండి. మమ్మల్ని క్షమించండమ్మా. పిల్లకి ఇందులో ఏ పాపం లేదు. దానికి అబద్ధాలాడటం రాదు."

"కూర్చోండి వదినగారూ," అన్నారు సంపూర్ణమ్మగారు.

ఆ పిలుపు విని ఆశాజ్యోతి నిలబడిన చోటే ఆగిపోయింది. సంపూర్ణమ్మగారు కిటికీ వైపు తిరిగి, తలకాయల్లో ఒకదాన్ని పిలిచారు. "సత్తియ్యా, లోపలికి రా. నీ సోఫా నువ్వు పట్టుకుపో."

లాజరుగారు గభాల్న సోఫా మీంచి లేచారు.

"ఇది పక్కింటివాళ్ళదండి. మీరొస్తున్నారని పొద్దున్నే మోయించాను," అన్నారావిడ. "ఆ ఏసీ కూడా ఉత్తి డబ్బా. లోపల ఏమీ లేదు. వెయ్యమని అడుగుతారేమోనని పొద్దుటి నుంచి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. కరెంటు పోయిందని చెప్పమని మావాడికి నేర్పాను. మా ఇంటికి మైకు లేదు కాబట్టి మీకు తెలియలేదు, అంతే."

అనిల్ కుమార్ తల ఇంకా కిందికి దించుకున్నాడు.

"నావీ మోకాళ్ళేనండి," అన్నారు సంపూర్ణమ్మగారు. "ఇన్నేళ్ళు స్కూలు మెట్లు ఎక్కాను, దిగాను. నేను ఊపిరి బిగపట్టానో లేదో ఎవరూ చూసిన పాపాన పోలేదు. అరటి మార్కెట్టులో అన్నయ్యగారు అన్న మాట ఫోన్లో విన్నాక ఇంకేం అడగాలనిపించలేదు. ఆ ఇంట్లో పెరిగిన పిల్లని చూసి మావాడు కూడా కొంచెం నేర్చుకుంటాడు. వంటంటారా, అది వాడికి వచ్చు. నేను నేర్పాను."

ఆశాజ్యోతి ఒళ్ళోంచి పక్కన పెట్టిన చక్కెరకేళీల అత్తం తీసుకెళ్ళి ఆవిడ చేతుల్లో పెట్టింది. కిటికీల దగ్గర జనం పెద్దగా నిట్టూర్చారు. ఎవరో చాపలు తెచ్చి పరిచారు. ఇద్దరు తల్లులూ మోకాళ్ళు పట్టుకుని ఒకరినొకరు ఆసరా చేసుకుంటూ కూర్చున్నారు. పెళ్ళి ఏ చర్చిలో, భోజనాలు ఎక్కడ అనే మాటలు మొదలయ్యాయి.

సోఫా తీసుకెళ్ళడానికి మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చిన సత్తియ్య మాత్రం, తనదే కదా అని దాని మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, పెళ్ళి తారీఖు ఖాయమయ్యేదాకా లేవలేదు.